అన్నయ్య చూపు

తుపాకుల సామాన్లు అమ్మే కొట్టు. బల్ల మీద తుపాకీకి బిగించి గురి చూసే కొత్త స్కోపులు రెండు, పాతది ఒకటి.

"మళ్ళీ అదే మాటా! గట్టిదేనా, గట్టిదేనా అంటావేంటమ్మాయ్? రెండూ గట్టివే. కింద పడేసి చూపించమంటావా?"

"వద్దు బాబాయ్. ఈ పాతది కొన్నప్పుడు అన్నయ్యకీ అలాగే చెప్పారు. మేడ మీంచి పడ్డా దీనికేం కాదన్నారు."

"అన్నాను."

"ఏం కాలేదు. లారీ గుద్దితే మనిషి పోయాడు. వీపు మీద పెట్టెలో ఇది మాత్రం గీత కూడా పడకుండా ఉంది. దీన్ని చూస్తే ఒళ్ళు మండుతుంది నాకు."

"ఆ మాటలెందుకులే తల్లీ. ఆదివారం పోటీకే కదా? అసలు కొత్తదెందుకు? ఇందాక మా కుర్రాడు దీన్ని బిగించి చూశాడుగా, గురి వెంట్రుకవాసి కూడా తప్పలేదు. దెబ్బ తిన్నా గురి తప్పకపోతే పోటీకి ఇంకేం కావాలి?"

"నాకు మసగ్గా కనిపిస్తోంది."

"ఓస్, అదా! కన్ను పెట్టే చోట ఈ రింగు ఉంది చూడు, కాస్త తిప్పితే నీ కంటికి సరిపోతుంది. ఇలా తే..."

"తిప్పకండి!"

"అబ్బ! గుండె ఆగినంత పనైంది. ఏమైందే?"

"అది అన్నయ్య తన కంటికి పెట్టుకున్నది. పోయాక ఎవరూ ముట్టుకోలేదు. అమ్మ బీరువాలో పెట్టి తాళం వేసింది. పొద్దున తను స్నానానికి వెళ్తే చెప్పకుండా తెచ్చాను."

"మసగ్గా ఉంటే ఎలా కాలుస్తావు మరి?"

"అందుకేగా కొత్తది అడుగుతున్నా! ఇందులో కన్ను పెడితే అన్నయ్య కంట్లోంచి చూస్తున్నట్టు ఉంటుంది బాబాయ్. వెనకనించి 'ఊపిరి బిగపట్టు' అంటున్నట్టే ఉంటుంది. భయమేస్తుంది. అయినా కన్ను తీయబుద్ధి కాదు."

"ఏదీ, ఇలా ఇవ్వు. తిప్పనులే, ఒట్టు. ఊరికే చూస్తా... ఇదేంటి?"

"ఏమైంది?"

"మీ అన్నని ఈ కుర్చీలోనే కూర్చోబెట్టి, వాడి కంటికి నేనే సరిచేశాను. రింగు తిరిగితే తెలియాలని గోళ్ళరంగుతో తెల్లచుక్క కూడా పెట్టాను. ఆ చుక్క గొట్టం మీదున్న ఈ గీతకి ఎదురుగా ఉండాలి. చూడు, ఎక్కడికి పోయిందో."

"పడ్డప్పుడు తిరిగుంటుంది."

"చేత్తో తిప్పితే తప్ప తిరగదమ్మా ఇది, అంత బిగుతు. ఇంత తిప్పారంటే ఎవరో బాగా చూపు తగ్గినవాళ్ళు. కళ్ళజోడు తీసేసి చూసేవాళ్ళు."

"మా ఇంట్లో కళ్ళజోడు..."

"ఆగు, పక్కన దూరాన్ని బట్టి తిప్పే మర కూడా మారింది. మీ పోటీలో వంద మీటర్లే కదా? ఇది మూడొందల దగ్గరుంది."

"మూడొందలా?"

"మీ ఇంటినుంచి అంత దూరంలో చూడ్డానికేముంది అమ్మాయ్?"

"సాయంత్రమైతే అమ్మ మేడ మీద గదిలో తలుపేసుకుంటుంది. పిలిచినా పలకదు. పడుకుందేమో అనుకునేవాళ్ళం."

"ఆ గదికి కిటికీ ఉందా?"

"ఉంది. వంతెన మలుపు కనిపిస్తుంది. అన్నయ్య ప్రాక్టీసు అయ్యాక ఆ మలుపు తిరిగే ఇంటికొచ్చేవాడు. ఆ రోజు కూడా... అక్కడి దాకా వచ్చాడు."

"అయ్యో, అయ్యో."

"నేను పిచ్చిదాన్ని బాబాయ్. అన్నయ్య చూపనుకుని పొద్దుట్నించీ..."

"ఏడవకు. చుక్కని మళ్ళీ గీత దగ్గరికి తెచ్చేస్తాను. మీ అన్న ఎలా పెట్టుకున్నాడో అచ్చం అలాగే వస్తుంది. క్షణం పని. తిప్పనా?"

"వస్తుందా? అచ్చం అలాగే?"

"అచ్చం. చెప్పు, తిప్పనా?"

"వద్దు. ఆ నల్లటి కొత్తది ఇచ్చేయండి. దీన్ని ఉన్నదున్నట్టు గుడ్డలో చుట్టండి, చెయ్యి తగలకుండా. త్వరగా బాబాయ్. అన్నయ్య వచ్చే వేళైంది, అమ్మ దీనికోసం వెతుక్కుంటుంది."