దేవదూతల కూనిరాగం

ఆదివారం పొద్దున, చర్చి వెనక గదిలో పాస్టరు, ఆయన భార్య.

"ఇంకోసారి చెప్పు. వాళ్లిద్దరూ నిజంగానే కలిసిపోయారా?"

"కలిసిపోయారంటున్నాగా! ముందు ఆ టై సరిగ్గా కట్టుకోండి."

"మీ అన్నయ్యా? ఆ గ్రీకు మాస్టారూనా?"

"భుజాల మీద చేతులేసుకుని మరీ నడుస్తున్నారు. నా కళ్లతో చూశా."

"స్తోత్రం! ఎన్నాళ్లు నా ప్రాణం తోడేశారే! క్రీస్తు పుట్టిన రాత్రి దేవదూతలు పాడారని మీ అన్నయ్య పాట కట్టడమేంటి, గ్రీకు బైబిల్లో పలికారనే ఉంది, పాడారని ఎక్కడుందో చూపించమని ఆ మాస్టారు లేవడమేంటి! చర్చి నిలువునా చీలింది. పాడారన్నవాళ్లు కుడివైపు, పలికారన్నవాళ్లు ఎడమవైపు. పాట మొదలైతే వీళ్లు లేచి బయటికెళ్లడం, వాక్యం మొదలైతే వాళ్లు లేచి బయటికెళ్లడం. బాగుపడింది బయట టీ కొట్టువాడొక్కడే."

"అన్నయ్యనేం అనకండి. కళాకారుడు. కాస్త సున్నితం."

"సున్నితమా? పియానోలో ఒక మెట్టు శ్రుతి తప్పిందని మన పెళ్లి మధ్యలో ఆపేశాడు! ఆ మాస్టారేమో, శవాన్ని సమాధిలోకి దించుతుంటే నేను చదివిన వచనంలో తప్పు పట్టాడు."

"పాపం, ఆయన అంత చదువుకున్నారు."

"ఏంటీ, ఆయన్నీ వెనకేసుకొస్తున్నావ్?"

"నేనేమన్నానండీ ఇప్పుడు?"

"సరేలే. మొత్తానికి నా ప్రసంగం పనిచేసిందన్నమాట."

"చేసింది. బాగా చేసింది."

"చూశావా! పాడారనీ వద్దు, పలికారనీ వద్దు, దేవదూతలు కూనిరాగం తీశారన్నా. ఎలా తట్టిందో ఏమో! రెండు వైపులా ఒక్కరు నోరెత్తితే ఒట్టు."

"ఎత్తలేదు. ఇంటికెళ్లాక ఎత్తారు."

"అంటే?"

"అన్నయ్య అన్నం ముట్టలేదు. కూనిరాగమా, పరలోక సైన్యమంతా స్నానాల గదిలో ఉందా అని ఒకటే గోల. అంతలో మాస్టారొచ్చారు. ఇంత చదివి ఈ మాట వినాల్సొచ్చిందే అని ఆయన కళ్లనీళ్లు. ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు."

"నా మీదా?"

"మీ మీదే."

"పోనీలే. నన్ను తిట్టుకుంటూనైనా కలిశారు, అదే చాలు. పద, జనం ఎదురుచూస్తుంటారు... ఏంటే, చప్పుడే లేదు?"

"పియానో లేదు కదండీ."

"లేకపోవడమేంటి?"

"తెల్లారగానే పట్టుకెళ్లారు. చెరో పక్క పట్టింది వాళ్లిద్దరే. ఎదురు వీధిలో గోడౌను అద్దెకు తీసుకున్నారు. అక్కడ పాడారన్నా సరేనట, పలికారన్నా సరేనట. కూనిరాగం మాట మాత్రం ఎత్తకూడదట."

"మరి కుడివైపు? ఎడమవైపు?"

"అందరూ అక్కడే."

"ఒక్కరంటే ఒక్కరు లేరా?"

"అత్తయ్యగారున్నారు. ముందు బెంచీలో."

"అమ్మకి చెవులు వినపడవు కదే!"

"అందుకే ఉన్నారు."

"సర్లే. అమ్మా, నువ్వూ, నేనూ. దేవుడికి ముగ్గురు చాలు. పద... ఆగాగు. పాడేవాళ్లే లేనప్పుడు, నీకు ఆ క్వాయర్ అంగీ ఎందుకే?"

"ఏమండీ... అన్నయ్య అడిగాడండీ. అక్కడ రెండో గొంతు పాడేవాళ్లు లేరట."