వడ్రంగి చెప్పిన ‘సూన్’

జమైకాలో, పోర్ట్ ఆంటోనియో రేవుకు పైనున్న వీధిలో, బట్టలు కుట్టే ఒకావిడ గుమ్మం ముందు వడ్రంగి నిలబడి ఉన్నాడు.

“అక్కా, శనివారమే మా అమ్మాయి కెరీషా పెళ్ళి. గౌను ఏది?”

“సూన్ ఇస్తాను.”

“సూన్ ఏంటక్కా? ఇవాళ గురువారం!”

“అరుస్తావేం? నా ఇంటి రేకు ఎగిరిపోయిందంటే నువ్వేమన్నావు? నా ఇంట్లోనే ఈస్టర్ బన్ను నములుతూ, ‘సూన్ వస్తా’ అన్నావు. ఇప్పుడు ఆగస్టు! సూన్ అంటే త్వరలో అని మాకు బళ్ళో చెప్పారు.”

“అది మర్యాదక్కా. మన ఊళ్ళో పెద్దవాళ్ళ మొహం మీద ‘రాను’ అని ఎవరంటారు?”

“ఓహో, మర్యాదా! నీ మర్యాదని నమ్ముకుని నాలుగు నెలలు బకెట్లు పెట్టుకుని బతికాను. నీకన్నా తుఫాను నయం, వస్తానంటే వస్తుంది!”

“సరే, తప్పు నాదే. నా మీద కోపం పిల్ల మీద చూపించకు.”

“పిల్ల మీద నాకేం కోపం? పైకి చూడు. ఆ కంత కింద ఏముంది?”

“మిషను.”

“గుడ్డ కత్తిరించి పెట్టెలో దాచాను. తెల్ల శాటిను, ఒక్క చుక్క పడితే మరక. ఎలా కుట్టమంటావు?”

“మిషను పక్కకి జరపొచ్చుగా?”

“ఎక్కడికి? మిగతా చోటంతా బకెట్లే! కంత మూసెయ్, రేపు సాయంత్రానికి గౌను నీ చేతిలో పెడతా.”

“అయ్యో, అంతేనా? మేకులు తెచ్చుకుని సూన్ వచ్చేస్తా.”

“ఆగు. ఆ బూట్లు ఇక్కడ విప్పి, తాకట్టు పెట్టి వెళ్ళు.”