ఈ కోటు ఎవరిది సార్?

అద్దాన్ని అలా గుడ్లురిమి చూడకండి సార్. దాని తప్పేం లేదు.

మీరే చిక్కిపోయారు. నిజం! పెళ్ళి కుదిరిన మగాడు చిక్కకుండా ఎలా ఉంటాడు చెప్పండి? ట్రయలు వేసుకోడానికి రమ్మంటే రాకుండా ఆ లైబ్రరీలోనే పడి ఉన్నారు. ఇప్పుడు చూస్తే మనిషి సగమయ్యారు, కోటేమో కోటులాగే ఉంది.

ఏంటీ? చేతులా? చిక్కితే చేతులు పొడుగవుతాయా అంటారా? అవ్వవనుకోండి. కానీ అలా కనిపిస్తాయి. ఊరికే పైకెత్తకండి సార్, ఎత్తితే మోచేతి దాకా పోతోంది. వదిలెయ్యండి. ఆ... అలా. భుజం కాస్త వంచండి. అయ్యో, జారింది.

లేదు సార్, నవ్వట్లేదు. నా మొహమే అంత. నోట్లో గుండుసూదులు పెట్టుకుని పెట్టుకుని మూతి ఇలా అయిపోయింది.

తెలుసండీ, రేపే పెళ్ళి. పొద్దున్నే రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. ఈ గుడ్డ మీ పెళ్ళికూతురు పంతులమ్మ గారు తన చేత్తో ఏరింది. కొట్టువాడి దగ్గర ఆ తానులో ఇదే ఆఖరి ముక్క. ఈ వయసులో రెండో పెళ్ళేంటని మీ తమ్ముడూ మరదలూ మూతులు తిప్పారనీ, వాళ్ళ ముందు దర్జాగా నిలబడాలనీ, ఇదే బల్ల దగ్గర మీరే అన్నారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి కూడా. ఇప్పుడీ కోటుతో వెళ్తే ఏమవుతుంది? పెళ్ళికొడుకు కోటు అద్దెకి తెచ్చుకున్నాడని మీ మరదలుగారు పంతులమ్మ గారి చెవిలో ఊదుతుంది.

కూర్చోండి సార్, చెప్తాను. వద్దులెండి, కూర్చుంటే కాలరు నెత్తి మీదికొస్తోంది. నిలబడే వినండి. చావు కబురు చల్లగా చెప్పానని తిట్టకండేం.

ఇది మీ కొలతకి కొయ్యలేదు. నా కొలతకి కోశాను.

అదిగో! అందుకే చెప్పడానికి భయపడ్డాను. కళ్ళజోడు సర్దుకోండి, పడిపోతుంది.

అంతా ఆ లాటరీ టిక్కెట్టు మహిమ సార్. మా కాజాల అక్క లేదూ, ఆ మూల కూర్చుని బొత్తాలు కుట్టి కాజాలు తీసే పెద్దావిడ? ఆవిడే కొనిపించింది. "తమ్ముడూ, సగం నీది, సగం నాది" అంది. నేనూ ఊరికే సరదాకి సరేనన్నాను. అంతే, ఇక కొట్లో మిషన్ల చప్పుడు తగ్గింది, నోళ్ళ చప్పుడు పెరిగింది.

డబ్బొస్తే అక్క జన్మలో బొత్తాం మొహం చూడదట. కొత్తింట్లో తలుపులకి గొళ్ళేలు కూడా పెట్టించదట, కన్నంలోకి దూరేదేదీ తన కంటబడకూడదట! మా ఆవిడకి అంతాశ లేదు పాపం. మంచమ్మీద వాలితే వీపులో సూది గుచ్చుకోని ఇల్లయితే చాలంది. సరే, ఇద్దరూ పక్కపక్కనే కట్టుకుందామనుకున్నారు. అక్కడే వచ్చింది గొడవ. అక్క మూడంతస్తులు వేస్తానంది. మీ మేడ నీడ నా పెరట్లో పడితే నా బట్టలెలా ఆరతాయని మా ఆవిడ. ఆరకపోతే కొత్తవి కొనుక్కో, నీక్కూడా సగం వచ్చింది కదా అని అక్క. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! లేని మేడ నీడకి ఇద్దరూ మాటలు మానేశారు సార్. నాకు మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు. మా ఆవిడ, అక్కనడగమంటుంది. అక్కేమో మీ ఆవిడనడుగు అంటుంది.

నేనా? నేనేం అనుకున్నానంటారా?

నవ్వకూడదు మరి.

ముందు కొట్టు మూసేద్దామనుకున్నాను. తర్వాత ఊళ్ళోకెల్లా పెద్ద టైలరు షాపుకెళ్ళి, చల్లటి గదిలో, మెత్తటి కుర్చీలో కాలు మీద కాలేసుక్కూర్చుని, "కోటు కుట్టాలయ్యా" అందామనుకున్నాను. వాడు పరిగెత్తుకొస్తాడు. నా చుట్టూ తిరుగుతాడు. టేపు వేసి, "ఊపిరి బిగబట్టకండి సార్, మామూలుగా నిలబడండి" అంటాడు. నేను మాత్రం బిగబడతాను. అందరూ నాకు చేసేది అదే కదా! ఎప్పుడిస్తావంటే, రేపు రండంటాడు. రేపు వెళ్తాను. "బొత్తాలొక్కటే మిగిలాయి సార్" అంటాడు. అప్పుడు బల్ల మీద గుద్ది అరుస్తాను చూడండీ... అబ్బ! అరుపు కూడా తయారుగా పెట్టుకున్నాను. మీ దగ్గర నేర్చుకున్నదే, ఏమనుకోకండి.

నేనేసుకున్న ఈ చొక్కా చూడండి. పట్టుకు చూడండి, ఫర్లేదు. రెడీమేడు! రోడ్డు మీద కుప్పలో ఏరాను. మాకు కుట్టుకునే తీరికెక్కడిది? నా కోసం గుడ్డ తెచ్చి బల్ల మీద పరిస్తే, ముందు నాది కానివ్వవయ్యా అంటూ ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు. మీరే నిలబడ్డారోసారి. గుర్తు లేదులెండి మీకు.

అలా ఆ షాపులో అద్దం ముందు నిలబడి, ఇటు తిరిగి, అటు తిరిగి చూసుకుంటూ... ఇక్కడేమో చేతిలో కత్తెర నడిచిపోయింది. మీ కొలతలు గోడకి వేలాడుతూనే ఉన్నాయి. నేను వాటి వంక చూస్తే కదా!

తగిలిందా అంటారేంటి సార్! తగిలితే ఇలా మీ ముందు చేతులు నలుపుకుంటూ నిలబడతానా? నిన్న రిజల్టొచ్చింది. ఆఖరి అంకె కూడా కలవలేదు. ఒక మంచి మాత్రం జరిగింది, మేడలు రెండూ కూలిపోయాయి కదా, మా ఆవిడా అక్కా మళ్ళీ మాట్లాడుకుంటున్నారు. ఇద్దరూ కలిసి నన్ను తిడుతున్నారు.

మీరూ తిట్టండి సార్. ఊరికే అలా చూడకండి. ఇన్నేళ్ళలో బొత్తాం ఒక్కటి వదులైతే కొట్టు ఎగిరిపోయేలా అరిచేవారే! ఇవాళేంటి, ఫర్లేదులే అన్నట్టు నా భుజమ్మీద చెయ్యి వేస్తారు? తీసెయ్యండి. మీరలా చేస్తే నేను అబద్ధం నిలబెట్టుకోలేను.

పరధ్యానంలో జరిగిందన్నాను కదా... అంతా కాదు సార్. వీపు ముక్క వరకే పరధ్యానం. చేతి ముక్క మీద సుద్ద గీస్తుంటే తెలిసింది, ఇది మీ చెయ్యి కాదని. గీతే కదా, దులిపేస్తే పోయేది. వీపు కూడా ఎలాగో సర్ది దారికి తెచ్చేవాణ్ణి. అక్క కూడా చూసింది. "తమ్ముడూ, అదెవరి చెయ్యి?" అని అడిగింది కూడా.

నేను దులపలేదు. తెలిసే కోశాను.

తగులుతుందనుకున్నాను సార్! తగిలితే మీకు ఇలాంటివి పది కుట్టించి ఇద్దాం, ఇదొక్కటీ నేనుంచుకుందాం అనుకున్నాను. గుడ్డ అంత బావుంది మరి. పంతులమ్మ గారి కంటికి దండం పెట్టాలి. మీ పెళ్ళి సంగతి నాకు గుర్తు లేకపోలేదు. గుర్తుండే కోశాను. సిగ్గుగా ఉంది, ఇంకేం చెప్పను?

విప్పేస్తారా? విప్పండి. విసిరికొట్టినా పడతాను.

ఏంటీ... నేనా? నేను తొడుక్కోవాలా? వేళాకోళమాడకండి సార్. నిజంగానా? అయ్యో, మీరెందుకు పట్టుకుంటున్నారు, కోటు పట్టుకునేది మేం కదా... సరే. ఈ చెయ్యి. ఆఁ, ఆ చెయ్యి.

భుజం చూడండి సార్! అతికినట్టు లేదూ? చేతులు చూడండి, సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. అబ్బ, ఎవడు కోశాడో గానీ!

ఉండండి, బొత్తాం పెడతాను.

ఉండండి... ఊపిరి బిగబడతాను.

...పట్టట్లేదు సార్. జానెడు దూరంలో ఆగిపోయింది. కాజా ఇక్కడుంది, బొత్తాం అక్కడుంది.

అర్థమైంది. పని నేర్చుకునే రోజుల్లో మా గురువుగారు ఒక్కసారి నా కొలత తీశారు, టేపు పట్టడం నేర్పడానికి. నా కొలతల్లో నాకు కంఠతా వచ్చింది అదొక్కటే, చెయ్యి దానికే కోసేసింది. అప్పటికి మీసం కూడా సరిగ్గా రాలేదు నాకు. ఈ పొట్ట వచ్చాక నా కొలతెవరు చూశారు? నేనే చూసుకోలేదు.

అంటే ఇది మీదీ కాదు, నాదీ కాదు. లాటరీ తగిలినవాడిది.

వాడు రాడులెండి. విప్పేశాను, ఇదిగో. పక్కలు లోపలికి తీస్తే వచ్చిన గుడ్డతో చేతులకి పట్టీలు వేస్తాను. అదేదో కొత్త ఫ్యాషనని మీ మరదలుగారికి నేనే చెప్తాను. అక్కా, నా టేపు అందుకో!

చేతులు చాచండి సార్. ఊపిరి మాత్రం బిగబట్టకండి.