ఇండికేటర్ వేశాం వదినా

కంగారు పడకు ఉమా వదినా, ముందు కూర్చో. రెండే ముక్కల్లో చెప్పేస్తాను. ఆ కాఫీ నాకొద్దు, నువ్వే తాగు. అసలు ఆసుపత్రిలో ఎమర్జెన్సీ ముందు ఏసీ ఇంత ఎందుకు పెడతారో!

మీ అన్నయ్యా? లోపలున్నారు. చెప్తానుండు.

ముందు మా ఆయన స్నేహితుడు, ఆ శశికాంత్ సంగతి చెప్పాలి. ఆఫీసులో అతను రాసిన కోడ్‌ని నలుగురు కూర్చుని సరిచేస్తారట. గరాజ్‌లోకొస్తే మాత్రం పెద్ద మెకానిక్కు. ఇంట్లో వాళ్ళావిడ త్రివేణి డిష్‌వాషర్ ఏడాదిగా మూలుగుతోంది, అది పట్టదు. మా మోటార్‌సైకిల్‌కి వెనక రెండు పక్కలా కొమ్ముల్లా ఉండే ఇండికేటర్లు పీకేసి, నంబర్ ప్లేటు పైన సన్నటి లైటు పట్టీ ఒకటి బిగించాడు. బ్రేకూ అదే, ఎడమా అదే, కుడీ అదే. "చక్రపాణన్నా, ఏం లుక్కు!" అన్నాడు మా ఆయనతో.

లుక్కు బాగానే ఉంది. బ్రేకు నొక్కితే పట్టీ మొత్తం ఎర్రగా మండిపోతుంది. అందులో ఇండికేటర్ కొట్టుకుంటోందో లేదో దేవుడికే తెలియాలి.

పోలీసా? అక్కడికే వస్తున్నా.

మధ్యాహ్నం త్రివేణి వాళ్ళింటికే పాట్‌లక్‌కి, అదే, తలో వంటా పట్టుకెళ్ళే విందుకి, బయల్దేరాం. ఆవిడ సాంబారు సంగతి నీకు తెలుసుగా, అందుకే పులిహోర చేసుకెళ్ళా. లైబ్రరీ దగ్గర లెఫ్ట్ తిరిగాం. ఇండికేటర్ వేశాం వదినా, ఒట్టు! వెనకున్న పోలీసుకి కనబడలేదు. ఎర్రా నీలం లైట్లు వేసి ఆపాడు.

మన దేశంలో అయితే ఏం చేస్తాం, చెప్పు? పోలీసు ఆపాక బండి మీదే కూర్చుంటే పొగరనుకోరూ? దిగి, ఎదురెళ్ళి, కాగితాలు చూపించి, నాలుగు మంచిమాటలు చెప్తాం. నేనూ దిగా. "దిగొద్దు వసంతా, ఇక్కడ దిగకూడదు!" అంటూనే ఉన్నారు మా ఆయన. ఆయన మాట నేనెప్పుడు విన్నాను గనక? ఇన్సూరెన్స్ కాగితం కోసం హ్యాండ్‌బ్యాగ్‌లో చెయ్యి పెట్టి, నవ్వుతూ నడిచా.

ఆ పోలీసు చెయ్యి నడుం దగ్గరున్న తుపాకీ మీదికి పోయింది.

అరిచాడు. అతనికీ భయమే వదినా! నా చెయ్యి బ్యాగ్‌లోంచి రాదే! తీస్తే కాలుస్తాడేమో, తీయకపోతే కాలుస్తాడేమో. మా అమ్మాయి అదితి స్కూల్ ఫారంలో మా తర్వాత నీ నంబరే రాశానని గుర్తొచ్చింది. బడి నుంచి దాన్ని నువ్వే తెచ్చుకుంటావు, జడలు వేయడం నీకు రాదు, అనుకున్నా. అదేం ఆలోచనో!  

శశికాంత్‌ని తిట్టకు. ఒక మాట చెప్తా, ఎవరితోనూ అనకు. నేనైతే ఈపాటికి ఊరంతా చెప్పేదాన్ని, నువ్వు అనకు. ఆ లైట్లు పీకించింది నేనే. ఎక్కిన ప్రతిసారీ చున్నీ వాటికే తగులుకుంటోందని వారం రోజులు పోరాను. ఆయన వద్దనే అన్నారు, ఇక్కడ రూల్సు ఒప్పుకోవేమో కనుక్కుందామన్నారు. "ప్రతిదానికీ భయమే మీకు" అన్నా. మర్నాడే శశికాంత్ ఇంటికి తోలుకెళ్ళారు.

కాల్చాడా అంటావా? లేదు. తుపాకీ తీయనే లేదు. చేతులు పైకెత్తమన్నాడు. నన్ను. ఎత్తింది మా ఆయన. స్టాండు వేయలేదు. బండి ఆయన కాలి మీద పడింది, ఎముక రెండు చోట్ల విరిగింది. బండి లేపిందీ, అంబులెన్స్‌ని పిలిచిందీ ఆ పోలీసే. ఇండికేటర్‌కి ఉత్త వార్నింగ్ రాసిచ్చాడు.

లోపల ఆ కాలికి రాడ్డు వేస్తున్నారు.