తల పేలు కిందికి దిగవు

హలో… ఆ, నేనే. రోజారమణినే మామా, నీ పెళ్లాన్ని.

…

గొంతు మారిందా? జడ కోసేస్తే గొంతు గూడా మారతాదేమో, నాకేం తెలుసు.

…

ఇంట్లోనే ఉండా. యాడికి పోతాను? ఆదివారం ఊరిపెద్దలు కూర్చోని నన్ను పుట్టింటికి తోలేదాకా ఈడనే గదా. నువ్వు చెప్పిందే గదా వాళ్లకి — తడలో కంపెనీ పనికి పోయి రోగం తగిలించుకోనొచ్చింది, ఇది నాకొద్దని.

…

మీ అమ్మా? ఉంది. ఆమె పని ఆమె చేసుకుంటా ఉంది. నీ సంగతి చెప్పు. హార్బరుకి తిరిగి పోయినాక దురద తగ్గిందా?

…

తగ్గలా. రాత్రిళ్లు ఎక్కువ… ఊఁ. తొడల మీద నీలం మచ్చలు గూడానా? లోపలి గుడ్డలకి నల్లగా చుక్కలు అంటుతా ఉండాయా?… నాకెట్టా తెలుసంటే, నాకూ అంతే గదా. నువ్విచ్చిందే.

— అరవమాక. ముందు విను. సూళ్లూరుపేటలో డాక్టరమ్మ కాడికి పోయొచ్చినా.

…

సిగ్గా? వాకిట్లో కూర్చోబెట్టి, వీధంతా చూస్తా ఉంటే మీ అమ్మ నా జుట్టు కోసింది చూడు, ఆ పొద్దే పోయింది సిగ్గు.

…

రక్తం గిక్తం ఏం తీయలా. భూతద్దం పెట్టి చూసింది, అంతే. కింద వెంట్రుకల మొదట్లో ఈపులు, పేలు. ఒక పేనుని పట్టి నాకే చూపించింది. అచ్చం ఎండ్రకాయ మామా! పొట్టిగా, వెడల్పుగా, వెంట్రుకని కరుచుకోని… పుట్టినకాణ్ణించి ఎండ్రకాయల్ని చూసినదాన్ని, నాకు తెలీదా.

…

అదే చెప్తాండా. తల పేను వేరే, ఇది వేరే అంట. తలలోది కిందికి దిగదంట. కంపెనీ బస్సులో ఎవతె తలలోనించో ఎక్కించుకోనొచ్చింది, అయ్యే కిందికి దిగినాయి అని మీ అమ్మకి చెప్పినావే… పాపం నమ్మింది. కత్తెర తెచ్చింది. నువ్వు నా జడ బిగించి పట్టుకున్నావు. కదలకుండా.

…

సముద్రంలో వేట నిషేధమని ఇంటికొచ్చినాకే నీకు మొదలైందా? ఆ మాట గూడా అడిగినాలే. మొదటిసారి తగిలితే దురద తెలిసేదానికి ఒక్కోసారి వారాలు పడతాదంట. నువ్వు బోటు దిగేటప్పటికే నీ దగ్గర కాపురం పెట్టేసినాయి. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది నీ యవ్వారం.

…

బోటులో దుప్పటా? ఆ… దుప్పట్లనించి, తుండుగుడ్డల్నించి ఎప్పుడో అరుదుగా వస్తాయంట. ఒంటి మీదనించి ఊడితే ఒకటి రెండు రోజుల్లో చస్తాయంట. మామూలుగా ఎట్టొస్తాయో నా నోటితో చెప్పించమాక.

…

సరే, పోట్లాట వద్దు. మందు సంగతి విను. ఇద్దరం ఒకేసారి రాసుకోవాల. బట్టలు, పక్కగుడ్డలు వేడినీళ్లలో ఉతకాల. మిగతా జబ్బులకి పరీక్షలు గూడా చేయించుకోమనింది. ఇంకెవురన్నా ఉంటే వాళ్లకీ మందు పడాలంట. లేకుంటే నీకు మళ్లీ వస్తాయి. వల లాగేటప్పుడు గూడా ఒక చెయ్యి ఆడనే పెట్టుకోవాల నువ్వు. అందుకని అడుగుతాండా… ఎవురన్నా ఉండారా?

…

చెప్పకపోతే మానుకో. గోక్కో.

…

ఏందీ?… వినపడలా. ఈడ సిగ్నల్ సరిగ్గా లేదు. గట్టిగా చెప్పు.

…

ఐసు ఫ్యాక్టరీ వెనక ఉండేదాని కాడికా… ఆ. ఎప్పటినించి?… దీపావళినించా. నిషేధానికి ముందర గూడా పోయినావు.

…

అంటే నీకు తెలుసు. నా జడ పట్టుకున్నప్పుడు నీకు తెలుసు.

…

ఏడస్తా ఉండావా? ఏడువు. నువ్వు ఏడస్తా ఉంటే నాకెంత హాయిగా ఉందో చెప్పలేను మామా. ఇన్నాళ్లు నీళ్లకి పోతే ఒక్కతీ నాతో మాట్లాడలా. బిందె పక్కకి జరుపుకున్నారు.

…

లేదులే, పెద్దలకి నేనేం చెప్పను. నేను చెప్తే ఎవురు నమ్ముతారు?

…

మీ అమ్మకి తెలీకూడదా?… అయ్యో. ఆమె పని ఆమె చేసుకుంటా ఉందన్నా గదా. ఇందాకణ్ణించి ఆమె పని ఒకటే. నా పక్కన కూర్చోని, స్పీకర్‌లో నీ మాటలు వింటా ఉంది.

…

హలో?… ఉండావా?… పెట్టేయమాక.

డాక్టరమ్మ కాడికి నేనొక్కదాన్నే పోయినాననుకుంటివా? ఆమే ఈడ్చుకోని పోయింది, నా తప్పు రుజువు చేసేదానికి. డాక్టరమ్మ చెప్పినా నమ్మలా. నా కొడుకు నోటితో వింటేనే నమ్ముతాననింది. వినింది.

…

అత్తా, నీ కొడుకు అమ్మా అమ్మా అంటాండాడు. మాట్లాడతావా?… వద్దంట మామా. ఆదివారం మాట్లాడతాదంట, పెద్దల ముందర.

…

రాననమాక. మర్యాదగా బస్సెక్కి రా. పెద్దల కాడికి పోయేముందు మన వాకిట్లో ఒక చిన్న పనుంది. వీధంతా చూస్తాది.

…

అత్తా, ఆ కత్తెర యాడ పెట్టినావు?… చూరులోనా? తియ్. తుప్పుంటే ఉండనీ.

ఈసారీ నువ్వే కొయ్యి. నేను పట్టుకుంటా, కదలకుండా.

…పెట్టేసినాడు.