ఇన్నాసమ్మ వదిలేసిన మాట

నేనా? పెదాలు కదిపానా? నీ కళ్ళకి ఏదీ దాగదే తేజూ. కదిపాను, అయితే ఏందంట. చర్చి మైకులో సాయంత్రం జపం వస్తే నా నోరు దానంతటదే ఆడిద్ది. మీ అమ్మకి ఫోన్ చేసి చెప్తావా ఏంది, చెప్పుకో. మీ తాతయ్య కూడా ఇట్టాగే ఎగతాళి చేసేవాడు, ‘శనివారం వెంకటేశ్వరస్వామికి కొబ్బరికాయ, సాయంత్రమయితే గోడ పక్కన మరియమ్మ జపం, ఈ బసవమ్మని ఏ దేవుడు రానిస్తాడో’ అని. ఇట్టా కూర్చో. ఆ చిక్కుడుకాయలు దగ్గరికి లాక్కో, ఊరికే వినటం ఎందుకు, ఈనెలు తీస్తా విను.

ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు ఉందే, అక్కడ ఇన్నాసమ్మ వదిన ఇల్లు ఉండేది. మనకీ వాళ్ళకీ మధ్య మట్టిగోడ ఒక్కటే. మొగుడు ముందే పోయాడు. ఒక్కడే కొడుకు, ప్రసన్నకుమార్. రెండెకరాల మిరపచేను. ఆవిడ భక్తి చర్చిలో వదిలేసి వచ్చే రకం కాదు తల్లీ. ఎసట్లో బియ్యం పోస్తే సిలువ గుర్తు, చేలో మొదటి కాయ కోస్తే సిలువ గుర్తు. ఈస్టర్ పండగకి ముందు తపస్సు కాలం నలభై రోజులూ నీసు ముట్టదు. నేను కావాలని చేపల పులుసు పెట్టి, గోడ మీద నించి ‘కొంచెం రుచి చూస్తావా వదినా’ అని ఏడిపించేదాన్ని. ‘నీ పులుసు తినకపోవటం తపస్సెట్టా అయిద్దే, అదృష్టం గానీ’ అనేది. నోరు తక్కువదేం కాదు. కొడుకు గడప దాటితే చాలు, బొటనవేలితో వాడి నుదుటి మీద సిలువ గీసి పంపేది. వాడికి మీసాలొచ్చినా మానలేదు.

ఇంతకీ ఎక్కడున్నా? ఆ, జయరావు. ప్రసన్నకుమార్ స్నేహితుడు, ట్రాక్టర్ తోలేవాడు. వదిన చేతి ముద్ద తిని పెరిగినోడే. మిర్చి సీజన్లో రెండ్రోజులు కంటి మీద కునుకు లేకుండా తోలాడు. మూడోనాడు తెల్లారుజామున వదినోళ్ళ టిక్కీలు, అదే, మిరపకాయలు తొక్కిన బస్తాలు, గుంటూరు యార్డుకి వేసుకుపోతున్నారు. ప్రసన్నకుమార్ ఆ టిక్కీల మీద కూర్చున్నాడు. సాగర్ కాలవ మలుపు కాడ జయరావుకి కళ్ళు మూతపడ్డయ్యి. ట్రాక్టర్ వెనక ట్రక్కు తిరగబడింది. తోలినోడు బతికాడు, పైనున్నోడు పొయ్యాడు. ఆరోజు కూడా నుదుట సిలువ గీసే పంపిందే ఆ తల్లి.

వారం తిరక్కుండా మళ్ళీ జపం మొదలుపెట్టింది. నేను ఇవతల గిన్నెలు తోముకుంటూ వింటున్నా. వాళ్ళ పరలోక జపంలో ఒక మాట ఉండిద్ది, మాకు తప్పు చేసినోళ్ళని మేం మన్నించినట్టే మమ్మల్నీ మన్నించమని. సరిగ్గా అక్కడ ఆగింది. ఆ మాట వదిలేసి, తర్వాతది అందుకుంది. ఏడుపొచ్చి ఆగిందేమో అనుకున్నా. మర్నాడూ అంతే. ఇక ఏడాదంతా అంతే. ఫాదర్ గారు వచ్చి, ‘నోటితో అయినా అనమ్మా, మనసు నెమ్మదిగా వస్తుంది’ అన్నారు. ‘రాని మాట వచ్చినట్టు దేవుడి ముందు అబద్ధం ఆడమంటారా’ అంది. ఆయన, ‘సరే, నీకు వచ్చిందాకా నీ వంతు నేను చెప్తుంటాలే’ అని లేచారు. మంచాయన. నాకూ ఏం పట్టిందో, ఆ మాట దగ్గర ఆవిడ ఆగినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. ఇవతల నించి నేనే గొణిగేదాన్ని ఆ ముక్క. అట్టా అంటుకుంది నాకు.

జయరావా? వాడి ట్రాక్టర్‌కి పని చెప్పేవాళ్ళు లేరు. తిండి మానేసి పుల్లలా అయ్యాడు. ఆ మరుసటేడు గుడ్‌ఫ్రైడే నాడు అందరూ సిలువని ముద్దు పెట్టుకోటానికి లోపలికి పోతుంటే, వీడు చర్చి బయట ఎండలో నిలబడ్డాడంట. వదిన చూసింది. పండగెళ్ళిన సోమవారం పొద్దున్నే వాడి గుమ్మం ముందు నిలబడి, ‘టిక్కీలు యార్డుకి తోలాలి, బండి తియ్యి’ అంది. ‘నావల్ల కాదు పెద్దమ్మా, ఇంకెవర్నన్నా పిలుచుకో’ అని వాడు కాళ్ళ మీద పడ్డాడు. లేపి, బొటనవేలితో వాడి నుదుటి మీద సిలువ గీసింది. నేను అక్కడే ఉన్నానే, ఈ కళ్ళతో చూశా. తర్వాత చీర కుచ్చిళ్ళు బిగించి టిక్కీల మీదకి ఎక్కింది. కొడుకు కూర్చున్న చోటే. ఆవిడ మరుదులు మతి పోయిందా అని అరుస్తానే ఉన్నారు. కాలవ మలుపు కాడ జయరావు చేతులాడక బండి ఆపేశాడంట. పైనించి ఈవిడ, ‘పోనీ అబ్బాయ్, పొద్దెక్కుతుంది’ అందంట.

మాపటికి జయరావు బండి మీదే వచ్చి దిగింది. ‘కోపం పోయిందా వదినా’ అని అడిగా. ‘ఎక్కడ పోయిద్దే, దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే పొయ్యొచ్చా’ అంది. మొహం కడుక్కుని జపానికి కూర్చుంది. నేను గోడ పక్కకి చేరా. ఆ మాట దగ్గరికి రాగానే, అలవాటుగా అందామని నోరు తెరిచా. నేను అనేలోపే అవతల నించి వచ్చింది. రెండు గొంతులు. ఒకటి వదినది, ఒకటి జయరావుది. ఎంత మనిషి పక్కన కాపురం చేశానే అనుకుని, ఆ మట్టిగోడకే చేతులు జోడించా.

...

ఆ కాయకి ఈనె తియ్యలేదు, చూడు.