లేదన్నాను, ఉందన్నాను

“మామ్మా, ఊరంతా సంతకెల్లిపోతే నువ్వొక్కదానివే వాకిట్లో కూకున్నావేటి? ఒంట్లో బాగోలేదా?”

ఒల్లు బాగానే ఉన్నాదే గౌరీ. కాలు నిలవడం లేదు, అంతే. ఇలగ కూకుంటాను, మల్లీ లెగుత్తాను, ఆ మలుపు కాడికెల్లి రోడ్డు సూసొత్తాను, మల్లీ కూకుంటాను. పొద్దుట్నించీ ఇదే పని. రా, కూకో. ముందు నీ సెల్లు ఈ అరుగు మీద పెట్టు, మోగితే నాకినబడాల. నా దానికి ఇక్కడ టవరందదు, నీదైతే మాటకి అందుతాదని లూసికి నీ నంబరిచ్చినాను. నీకు సెప్పడం మరిసిపోనాను. నిన్నట్నించీ నా బుర్ర నా కాడ లేదే.

లూసిని నువ్వు సూసినావు గాని, నువ్వొచ్చినప్పుడల్లా అది తోటల్లోనే ఉంటాది, మీరిద్దరూ సరిగ్గా నాలుగు మాటలాడుకున్నది లేదు. దానిదేదో కొలంబియా అంట. అక్కడా కొండలేనంట, కాఫీ తోటలేనంట. మరింకేటే, కొండల్లోంచి కొండల్లోకొచ్చినావు, మద్దిలో ఇమానమెందుకెక్కినావు అని ఏలాకోలం ఆడీదాన్ని. కాఫీ పల్లు కొనే కంపెనీ తెచ్చినాది దాన్ని. మన ఆడోల్లకి పండు ఏరడం నేర్పుతాదంట. నాకు నవ్వొచ్చినాది. నాను ఏరుతున్నది ఇరవయ్యేల్లయింది, కాదు కాదు, ఇంకా ఎక్కువే, మీ అమ్మ సిన్నపిల్లప్పుడే మొదలెట్టినాను. అప్పుడు కిందకెల్లీ బస్సు టికెట్టు రూపాయిన్నర. అయినా సూడు, పచ్చికాయ ముట్టకుండా ఎర్రపండే ఏరండని అది ఎంటబడితే, గింజ మునుపటి కంటే బాగొచ్చినాది. అబద్దమెందుకు.

అబద్దమన్నాను. దానికే వొత్తన్నాను, ఉండు.

మీ అమ్మని గూడెం కొత్తవీధి ఇచ్చీసినాక పెరటి గది ఖాళీయే కదా. అందులో ఉంటానన్నాది. రెండు పంటలయింది. మన అంబలి తాగుతాది, నాతో పాటు గెడ్డకొచ్చి బట్టలుతుకుతాది. పోయిన వానాకాలం నాకు జొరమొచ్చి లెగలేకపోతే కాల్లు పిసికినాది, నీల్లు కాసి పోసినాది. నాను వొద్దంటే నన్నే కసిరినాది. కూతురు కాడుంటే ఎలగుంటాదో అలగే ఉన్నాది నాకు. అది నీకు ముందే సెప్తన్నాను, ఎందుకంటే నాను దానికి సేసింది ఇంటే నన్ను తిడతావు.

దానికి కాయితాల గోల. ఏడాదికోపాలి ఇక్కడ ఉండడానికి పర్మిషన్ తెచ్చుకోవాలంట. ఒక ఆఫీసులో ఒక బాబు, సర్పంచి సంతకం సాలన్నాడు. తెచ్చినాది. ఈలోగా ఆ బాబు బదిలీ. కొత్త బాబొచ్చి, సర్పంచిదెవులు సూత్తారు, ఇంటి కాయితం తెమ్మన్నాడు. మన ఇంటికి కాయితమేటే? మీ తాత గోడ పెట్టినాడు, నాను అలికినాను, అదే కాయితం. పోటో ఎనకాతల తెల్లగుండాలన్నారు. మీ తాత పంచె పెట్టెలో ఉంటే తీసి గోడకి కట్టి తీసినాం. సెవులు కనబళ్లేదన్నారు. జుట్టు ఎనక్కి ముడేసి మల్లీ తీసినాం. తీరా తీసుకెల్తే పోటోలిక్కడ తీసుకోం, కంపూటర్లో ఎక్కించుకోండన్నారు. కంపూటర్లో ఎక్కాలంటే గట్టి టవరు గావాల, టవరు గావాలంటే ఆ పైన బండరాయి కాడికెక్కాల. అది గొడుగేసుకుని రాయి మీద కూకునీది, నాను పక్కన సుట్ట కాల్చుకుంటూ కూకునీదాన్ని. సగం ఎక్కీసరికి ఆగిపోయీది. మల్లీ మొదట్నించి.

“మామ్మా, నిన్న సెప్పింది ఇయ్యాల ఎందుకు మారింది?” అనీది. నాకేటి తెలుసే. మనకి పించను కాడా అంతే కదా. మనమైతే అక్కడే నీడలో కూకుని, నాలుగు తిట్లు తిట్టుకుని ఇంటికొచ్చెత్తాం. దానికలగ కాదు. మనల్నెవులూ దేశం నించి ఎల్లిపొమ్మనరు. దాన్నంటారు.

ఎంత బయమంటే, ఇటుకల పండగప్పుడు ఏటయినాదో తెలుసా? మగోల్లు ఏటకెల్తే మనం ఆడోల్లం రోడ్డుకి గెడ అడ్డం పెట్టి, పాడుకుంటా, వొచ్చీ పోయీ బల్లని ఆపి పండగ డబ్బులడుగుతాం కదా. ఇది వొచ్చిన మొదటేడు. కంపెనీ జీపులో వొత్తన్నాది. గెడ సూసినాది, మమ్మల్ని సూసినాది, అదేదో సర్కారోల్ల గేటనుకున్నాది. గబగబా సంచీ తీసి పాసుపోర్టు, దాని ఎనక కాయితాలు, అన్నీ తెచ్చి మా సేతిలో పెట్టీసినాది. మా తోటికోడలు ఆ పాసుపోర్టు తలకిందలుగా పట్టుకుని, అన్నీ బాగున్నాయి, నువ్వెల్లొచ్చు, ముందు పది రూపాయలియ్యి అన్నాది. ఒకటే నవ్వులు. లూసి కూడా నవ్వినాది గాని, ఆ కాయితాలు మల్లీ ఒక్కొక్కటీ లెక్కెట్టుకున్నాకే నవ్వినాది. నాకప్పుడు జాలేసినాది దాన్ని సూసి.

సరే. ఇంక సెప్పాల్సింది సెప్తాను.

లూసి నాకు ముందే సెప్పినాది, నిజమే, ఆఫీసు నించి మనిషొత్తాడు, నాను నీ ఇంట్లో ఉంటన్నానో లేదో అడుగుతాడు, ఉందని సెప్పి ఏలిముద్దరెయ్యి అని. సెప్పి మూడు నెల్లయింది. ఇయ్యాల, రేపు అని సూసి సూసి మరిసిపోనాం. ఒకనాడు మజ్జానం నాను వాకిట్లో మిరియాలు ఎండబెడతన్నాను. బండి మీద ఒకబ్బాయి వొచ్చినాడు. బండి దిగలేదు. పేరు సెప్పలేదు, ఊరు సెప్పలేదు. “అవ్వా, ఈ ఇంట్లో ఫారిన్ ఆవిడెవరైనా ఉంటోందా?” అన్నాడు.

“లేదు బాబూ. ఎవులూ లేరు. నాను ఒంటిదాన్ని” అనీసినాను.

తాడు మీద దాని బట్టలు ఆరతన్నాయి. అవెవరివన్నాడు. నా మనవరాలివి అన్నాను. నీ పేరే సెప్పినానే, గౌరివని. ఏదో రాసుకున్నాడు, ఎల్లిపోనాడు. తరవాత తెలిసినాది, ఊరి మొదట్లో నలుగుర్ని అడిగినాడంట, నలుగురూ తెల్దనే సెప్పినారంట. లూసి అంటే అంత పేనం అందరికీ. ఎవులో ఎతుకుతా వొచ్చినాడు, మన పిల్లని దాసినాం అనీసి నాకు సంతోసంగా కూడా ఉన్నాది. సిగ్గిడిసి సెప్తన్నాను.

అలగ సూడకు. నాను పుట్టినకాడ్నించీ అలగనేదాన్ని కాదు. పెల్లయిన కొత్తలో కాకీ బట్టలోల్లు ఇద్దరొచ్చినారు. సోమన్న ఉన్నాడా అన్నారు. ఉన్నాడు బాబూ, అన్నం తింటన్నాడు, కూకోండి అన్నాను. మంచికే అన్నాను, సుట్టాలొత్తే ఎలగంటామో అలగ. మీ తాతని కంచం ముందు నించి లేపీసి తీసుకుపోనారు. అడివిలో ఎవులో సెట్లు కొట్టినారంట, ఆ కొట్టినోడి పేరూ సోమన్నేనంట. పదకొండు దినాలకొచ్చినాడు, కుంటుకుంటా. ఆ తరవాత ఎప్పుడూ ఆ కాలు సరిగ్గా ఎయ్యలేదు. మా అత్త నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అడిగినోడికి ముందు లేడని సెప్పాల, ఎందుకడిగినాడో తరవాత మనం కనుక్కోవాల అన్నాది. అంతే. మీ తాత బతికున్నన్నాల్లూ నన్నొక్క మాటనలేదు. అంటే బాగుణ్ణు.

అప్పుట్నించి ఈ ఊల్లో ఎవులి పేరెవులడిగినా లేరనే సెప్తాం. ఆ అబ్బాయికి మాత్రం ఏటి తెలుసు ఇదంతా.

ఇరవై దినాల తరవాత లూసికి కాయితమొచ్చినాది. నువ్వు సెప్పిన ఇంట్లో నువ్వు ఉండటం లేదని తేలింది, తప్పుడు ఎడ్రసిచ్చినావు, పలానా తారీకులోగా దేశం ఇడిసి ఎల్లిపో అని. అది సదివి నాకు తెలుగులో సెప్తన్నాది, దానికొచ్చిన తెలుగులో. నాను ఇక్కడే ఉన్నాను కదా మామ్మా, నాను లేనని ఎవరు సెప్పినారు, అని అడుగుతున్నాది. నా మొకంలోకే సూసి అడుగుతున్నాది.

నాను సెప్పలేదే. నాలుగు దినాలు సెప్పలేదు. అది ఆల్లకీ ఈల్లకీ పోన్లు సేసీది, రాయెక్కీది, దిగీది, కంపెనీ వోల్లేమో సూద్దాం సూద్దాం అనీవోల్లు. అయిదో నాడు అంబలికి సోల్లు సెరుగుతా ఉంటే ఎదురుగా కూకున్నాది. సేట కింద పెట్టీసి, నానే సెప్పినానే, నువ్వు లేవని నానే సెప్పినాను అన్నాను. మీ తాత సంగతీ సెప్పినాను.

కోపమొచ్చినాది దానికి. రాకేటి సేత్తాది. దాని బాసలో ఏదో అన్నాది, గదిలోకెల్లి తలుపేసుకున్నాది. రెండు దినాలు నా సేతి కూడు తినలేదు. మూడోనాడు దానంతట అదే వొచ్చి పొయ్యి కాడ కూకుని, ఇంక ఎవరొచ్చినా ఉందని సెప్పు మామ్మా, ఎవరొచ్చినా సరే అన్నాది. దేవుడి మీద ఒట్టేసినాను. కంపెనీ వోల్లు మల్లీ అర్జీ పెట్టినారు, మల్లీ మనిషిని పంపుతామన్నారంట. ఎప్పుడొత్తాడో సెప్పలేదు. అంతే, నాను పొలం మానీసినాను, తోట మానీసినాను. గెడ్డకెల్లినా బేగి వొచ్చెత్తన్నాను. నాను లేనప్పుడొచ్చి లేదని రాసుకుపోతే?

నిన్న వొచ్చినాడు. జీపులో. ఇంకో బాబు, పెద్దోడు, కల్లజోడు. “ఆ ఫారిన్ ఆవిడ ఉందా?” అన్నాడు. ఆ మాట కోసమే కదా కాసుకునున్నాను. సెయ్యట్టుకుని లోపలికి లాక్కొచ్చినాను ఆయన్ని. ఉంది బాబూ, ఇక్కడే ఉంది, రెండేల్ల నించి ఉంది, ఇదిగో దాని పక్క, ఇయి దాని బూట్లు, ఇది దాని కంచం. ముందొచ్చిన బాబుతో నానే అబద్దమాడినాను, ఇప్పుడు నిజం సెప్తన్నాను, రాసుకోండి అన్నాను. ఆయన పాపం నన్నే సూత్తన్నాడు. రాసుకున్నాడు. రాసుకున్నాక సెప్పినాడు.

“నేనొచ్చింది ఆవిడ ఖాళీ చేసి వెళ్లిందో లేదో చూడ్డానికమ్మా.”

ఎల్లిపొమ్మని రాసిన తారీకు దాటి మూడు దినాలయిందంట. అర్జీ పెట్టినారు కదా బాబూ అంటే, ఆ ఫైలు వేరు, ఈ ఫైలు వేరు, నా కాడ అర్జీ లేదన్నాడు. ముందొచ్చినోడికి ఉందని సెప్పాలంట, ఈయనకి అదే మాట సెప్తే తప్పంట. ఇద్దరూ ఒకే గుమ్మంలోకొచ్చి ఒకే మాటడిగినారు. సదువుకున్నదానివి, నువ్వు సెప్పు, నాను ఎవులికేటి సెప్పాల?

ఆయనా సెడ్డోడు కాదులే. రేపు ఫైలు పట్టుకుని రండమ్మా, సూద్దాం అని, ఈలోగా తోట నించొచ్చిన లూసితో అన్నాడు. తెల్లారి మొదటి జీపుకెల్లినాది. ఎల్లీముందు నన్ను గట్టిగా పట్టుకుని, ఈపాలి నిజమే సెప్పినావు మామ్మా, బయపడకు అన్నాది. నాను దాని సంచీ సూసినాను. బట్టలు కూడా పెట్టుకున్నాది, రెండు జతలు.

అదిగో మోగుతున్నాది. తియ్యి తియ్యి. నాకివ్వొద్దు, నువ్వే మాటాడు… ఏటంటన్నాది? ఏడుత్తన్నాదా? సరిగ్గా సెప్పవే.

“ఏడవట్లేదు మామ్మా. ఇంకా ఏటీ తేల్చలేదంట. ఒక ఫైల్లో లేదని ఉంది, ఒక ఫైల్లో ఉందని ఉంది. ఇంటావిడొచ్చి రెండిట్లో ఏది అబద్దమో రాసిమ్మన్నారంట. రేపు పదింటికి.”

నన్నేనా?

సర్కారుకి అబద్దమాడినానని నా ఏలిముద్దర నానే ఎయ్యాలన్నమాట. ఏసినాక నన్నేటి సేత్తారే? పోనీలే. అది ఇక్కడుంటాదంటే ఏత్తాను. బయం లేదని కాదు. మీ తాత ఎల్లిన దారేనని అనిపిత్తానే ఉన్నాది. అయినా ఏత్తాను. వొత్తన్నానని సెప్పు దానికి. ఆ బట్టల సంచీ అక్కడెక్కడా వొగ్గీయకుండా మల్లీ ఎనక్కి తెచ్చుకోమను. నువ్వూ రేపు సెలవెట్టి నాతో రా, ఏటి రాసినారో నాకు సదివి సెప్పీవోల్లుండాల.

నీతో ఇంకో మాట. సచివాలయంలో సేరినావు. రేపోమాపో నిన్నూ పుస్తకమిచ్చి ఇలగే ఇల్ల కాడికి పంపుతారు. బండి దిగు తల్లీ. పేరు సెప్పు, ఎవులి గుంటవో, ఏ ఇంటి పిల్లవో సెప్పు, ఎందుకొచ్చినావో సెప్పు. మంచినీల్లడిగి తాగు, కాసేపు అరుగు మీద కూకో. ఆ తరవాత అడుగు. ఆలస్యమైనా పరవాలేదు, పైనోల్లు తిడితే తిట్టనీ.

ఇలగ దగ్గరకి రా, తలొంచు. సల్లగుండమ్మా. నువ్వు గుమ్మంలో నిలబడితే ఏ ముసలిదానికీ అబద్దమాడాలని అనిపించకూడదు…